పుస్తకం మొత్తం చదివితేనే తేడా ఉంటుందా?

ప్రశ్న:
ఏ పుస్తకం పేరు కొట్టినా పది నిమిషాల సారాంశం వీడియో దొరుకుతోంది. అది చూశాక పుస్తకం తెరవబుద్ధి కావట్లేదు, కానీ కొన్నాళ్లకి ఎవరైనా అడిగితే రెండు ముక్కలు కూడా చెప్పలేకపోతున్నాను. మొత్తం చదివితే నిజంగా తేడా ఉంటుందా? అలవాటున్నవాళ్లు చెప్పండి.

జవాబు 1:
చాలా ఉంటుందండి. రచయిత చివరికి ఏం తేల్చాడో సారాంశం చెబుతుంది, ఎలా తేల్చాడో చెప్పదు. ఏ ఆధారం చూపించాడు, అభ్యంతరాలకి ఏం బదులిచ్చాడు, ఎక్కడ దాటేశాడు, ఇవన్నీ పేజీల్లోనే ఉంటాయి, వాటితో మనసులో వాదించుకుంటూ పోతేనే విషయం మనకి పడుతుంది. ఇంకో సంగతి, చదివేటప్పుడు కన్ను వరుస వెంట నున్నగా జారదు. చిన్న చిన్న గంతులేస్తుంది, ఆగుతుంది, కొరుకుడుపడని వాక్యం వస్తే మనకి తెలియకుండానే వెనక్కెళ్లి మళ్లీ చూస్తుంది. వీడియోలో వేగం మాట్లాడేవాళ్లది, పుస్తకంలో మనది. నాకైతే అసలు తేడా అక్కడే ఉంది.

జవాబు 2:
పుస్తకం ఏ రూపంలో ఎక్కువకాలం నిలిచి ఉంటుందో కూడా చెప్పాలి. క్రీ.పూ. 612లో ఇప్పటి ఇరాక్‌లో ఉన్న నీనెవె నగరం తగలబడితే అషుర్‌బనిపాల్ రాజు గ్రంథాలయంలోని మట్టిపలకలు చాలావరకు ఆ మంటలకి కాలి ఇంకా గట్టిపడ్డాయి, 19వ శతాబ్దపు తవ్వకాల్లో బయటపడ్డాయి, ఇప్పటికీ పండితులు చదువుతున్నారు. మరోపక్క 2009లో అమెజాన్ హక్కుల గొడవ వచ్చిందని, జనం డబ్బిచ్చి కొనుక్కున్న పుస్తకాల్ని వాళ్ల కిండిల్‌లలోంచి, అంటే ఈ-బుక్‌లు చదివే పరికరాల్లోంచి, దూరం నుంచే తీసేసింది. డబ్బు తిరిగిచ్చిందనుకోండి, అయినా చేతిలో ఉన్న పుస్తకాన్ని అలా ఎవరూ లాక్కోలేరు కదా.

జవాబు 3:
ఈ-బుక్‌ని అంత తీసిపారేయకండి. చూపు తగ్గినవాళ్లు అక్షరం పెద్దది చేసుకుని చదువుకోగలుగుతున్నారు, అది చిన్న మేలు కాదు. కాగితమూ శాశ్వతం కాదు. 19వ శతాబ్దం మధ్య నుంచి కలపగుజ్జుతో తయారైన చవక కాగితంలో ఆమ్లం ఉండటంతో అది పసుపెక్కి, మడిస్తే పుటుక్కున విరిగిపోతోంది, అంతకుముందు గుడ్డపీలికలతో చేసినదే మేలు. ఎందులో చదివినా మొత్తం చదవండి.

జవాబు 4:
ప్రశ్న అడిగినవారికి: వీడియో ముందు చూడకండి, పుస్తకం అయ్యాకే చూడండి. అధ్యాయం పూర్తవగానే మూసేసి, అందులో ఏముందో సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాసుకోండి. రాయలేకపోతే ఆ అధ్యాయం మళ్లీ తిరగేయండి. బొత్తిగా నచ్చకపోతే పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి, మొహమాటం అక్కర్లేదు.