అప్‌డేట్: తుపాకీ లైసెన్స్ తిరస్కరించారు, అప్పీల్ ఎలా?

నేను అడిగింది: "పోలీసు రిపోర్టు అనుకూలంగా లేదు" అని ఒక్క ముక్క రాసి అప్లికేషన్ తిప్పి పంపారు, ఇప్పుడేం చేయాలని. తేలింది ఇది.

ముందు కారణాలు అడగాలి. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 14(3) ప్రకారం తిరస్కరణ కారణాలు అధికారి రాతలో పెట్టాలి, అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి. ప్రజాహితం కాదనుకుంటే మాత్రం ఇవ్వకపోవచ్చు. "సెక్షన్ 14(3) కింద కారణాల ప్రతి కోరుతున్నాను" అని రాసి, ఆర్డర్ నంబరు, తేదీ వేసి, రిజిస్టర్డ్ పోస్టులో పంపితే సరి. రసీదు పారేయకండి.

అప్పీల్ సెక్షన్ 18 కింద, గడువు 30 రోజులు. దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపాలి. ఆర్డర్ నేరుగా ప్రభుత్వానిదైతే ఈ అప్పీల్ లేదు, హైకోర్టులో రిట్టే (ప్రభుత్వ ఆర్డర్‌ను సవాలు చేసే పిటిషన్) దారి.

ఎక్కువ మంది బోల్తా పడేది ఇక్కడే: "నాకు ప్రాణభయం ఉంది" అని మళ్లీ అదే పాట. అప్పీల్లో జవాబు చెప్పాల్సింది రాసిచ్చిన కారణానికి. కారణం పాత కేసు అన్నారా, దాన్ని కోర్టు కొట్టేసిందా? ఆ తీర్పు సర్టిఫైడ్ కాపీ జత చేయాలి. ఆస్తి చాలదన్నారా? ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదని సెక్షన్ 14(2) చెబుతోంది.

లైసెన్స్ చేతికొచ్చేదాకా ఆయుధం కొనడం, ఎవరిదో దగ్గర పెట్టుకోవడం నేరమే.