ఏ బ్యాంకు నెట్ బ్యాంకింగ్ సైటు వాడటానికి తేలిక? దేన్ని చూసి పోల్చాలి?

మూడుఖాతాలు (ప్రశ్న)

మూడు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి. రోజువారీ లావాదేవీలకు ఒకటి ఉంచుకుని మిగతా రెండూ వదిలించుకోవాలని ఆలోచన. వడ్డీ, ఛార్జీలు మూడింటిలోనూ ఇంచుమించు ఒకటే కాబట్టి వెబ్‌సైటును బట్టి తేల్చుకుందామనుకుంటున్నాను. యాప్ సంగతి వద్దు, కంప్యూటర్లో బ్రౌజర్ తెరిచి వాడే సైటు గురించే అడుగుతున్నాను.

నాకుండే పనులు ఇవి: బిల్లులు కట్టడం, అప్పుడప్పుడు కొత్తవాళ్లకు డబ్బు పంపడం, స్టేట్‌మెంట్ దించుకుని స్ప్రెడ్‌షీట్‌లో వేసుకోవడం. చూపు తగ్గిన పెద్దవాళ్లు కూడా ఇదే సైటు వాడాలి. ఒక సైటు చూడ్డానికి చాలా బాగుంది. రెండోది పాతకాలం మోడల్, కానీ చకచకా నడుస్తుంది. మూడోది ప్రతిదానికీ ఓటీపీ అడుగుతుంది. "ఫలానాది సూపర్" అనే మాటలు కాకుండా, కూర్చుని ఏమేం పరీక్షించాలో చెప్పగలరా?

లెడ్జర్

ముందుగా హోమ్ పేజీని పక్కన పెట్టండి. బ్యాలెన్స్ చూడటం ఏ సైటులోనైనా తేలికే, దాన్నిబట్టి ఏదీ తేలదు. తేడాలు బయటపడేది అరుదుగా చేసే పనుల్లో. మూడు సైట్లలోనూ ఇవే పనులు చేసి చూడండి: కొత్త వ్యక్తిని చేర్చి చిన్న మొత్తం పంపడం, నిరుడు కట్టిన ఒక బిల్లును మొత్తాన్ని బట్టి వెతకడం, నెలనెలా ఆటోమేటిగ్గా వెళ్లే చెల్లింపును ఆపే చోటు కనుక్కోవడం, కార్డు బ్లాక్ చేసే బటన్ దాకా వెళ్లి నొక్కకుండా వెనక్కి రావడం. ఒక్కో పనికి పట్టిన సమయంతో పాటు మీ చెయ్యి ఆగిపోయిన చోటునూ, ఒకసారి ఇచ్చిన వివరమే మళ్లీ అడిగిన చోటునూ రాసుకోండి. తర్వాత పనికొచ్చేవి ఆ రెండే.

మొదటి సైటులో తడబడి చేసిన పని రెండోదానిలో సులువనిపిస్తుంది, ఎందుకంటే పని అప్పటికే అలవాటైపోయింది. అందుకే మీరు ఒక వరసలో చేస్తే, ఇంట్లో రెండోవారు దానికి తిరగేసిన వరసలో చేయాలి.

అంకె కావాలంటే ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్, వాడటం ఎంత తేలికో కొలిచేది) అనే ప్రశ్నావళి ఉంది. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసింది, ఇప్పటికీ వాడుతున్నారు. పది వాక్యాలుంటాయి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేయాలి. బేసి వాక్యాల మార్కులో 1 తీసేయండి, సరి వాక్యాలకు 5లోంచి మార్కు తీసేయండి, అన్నీ కూడి 2.5తో గుణించండి. వచ్చేది 0 నుంచి 100 లోపు ఉంటుంది గానీ అది శాతం కాదు. సగటు 68 దగ్గర ఉంటుందని లెక్క. ఇద్దరు ముగ్గురు వేసిన మార్కుల్లో ఐదారు పాయింట్ల తేడాకు అర్థం లేదు. ఇరవై తేడా వస్తే అప్పుడు పట్టించుకోండి.

తాళంచెవి

లాగిన్ దగ్గర మూడు పరీక్షలు చేయండి.

ఒకటి, పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ అవుతుందా, పాస్‌వర్డ్ మేనేజర్ తనంతట తాను నింపగలుగుతుందా. భద్రత పేరు చెప్పి దీన్ని అడ్డుకునే సైట్లున్నాయి. నిజానికి దానివల్ల జనం గుర్తుపెట్టుకోగలిగే బలహీనమైన పాస్‌వర్డులకు దిగుతారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017 నాటి మార్గదర్శకాల్లోనే పేస్ట్‌ను అనుమతించమని చెప్పింది. 2023 అక్టోబరులో వచ్చిన వెబ్ అందుబాటు ప్రమాణం డబ్ల్యూసీఏజీ 2.2 కూడా లాగిన్‌ను జ్ఞాపకశక్తి పరీక్షగా మార్చవద్దంటుంది. తెరమీద అక్షరాలు చిందరవందరగా మారే కీబోర్డు తప్ప వేరే దారి ఇవ్వని సైటుకు నేనైతే అక్కడే మార్కులు కోసేస్తాను. మీ ఇంట్లో పెద్దవాళ్లను అది బాగా ఇబ్బంది పెడుతుంది.

రెండు, సెషన్ గడువు. ట్రాన్స్‌ఫర్ ఫారం సగం నింపి ఊరికే వదిలేయండి. త్వరగా లాగౌట్ చేయడం తప్పు కాదు. యూరప్ చెల్లింపుల నిబంధనల్లోనైతే ఏ కదలికా లేకుండా 5 నిమిషాలు దాటనివ్వకూడదనే ఉంది. చూడాల్సింది హెచ్చరిక వస్తుందా లేదా అన్నది. గడువు ముగిసేలోపు చెప్పి, ఒక్క నొక్కుతో పొడిగించుకోవడానికి కనీసం 20 సెకన్లు ఇవ్వాలని డబ్ల్యూసీఏజీ చెప్పే పద్ధతి. మళ్లీ లాగిన్ అయ్యాక నింపిన వివరాలు అలాగే ఉంటే ఆ సైటును శ్రద్ధగా కట్టినట్టే.

మూడు, బ్రౌజర్ బ్యాక్ బటన్ నొక్కండి, తర్వాత రెండో ట్యాబ్‌లో స్టేట్‌మెంట్ తెరవండి. కొన్ని సైట్లు వెంటనే బయటికి తోసేస్తాయి. అలాంటి సైట్లలో ప్రతి పేజీకీ సర్వర్ ఒక కొత్త టోకెన్ (రహస్య గుర్తు) ఇస్తుంది. వెనక్కి వెళ్తే పాత టోకెన్ వెళ్తుంది, దాన్ని నకిలీ అభ్యర్థన అనుకుని సెషన్ తెంచేస్తుంది. ఖాతా నంబరు ఒక ట్యాబ్‌లో చూస్తూ ఇంకో ట్యాబ్‌లో ఫారం నింపేవాళ్లకు ఇది నరకం.

సరిచూడు

లెడ్జర్ గారు చెప్పిన దాంట్లో ఒకటి ఒప్పుకోను. డబ్బు పంపే పనికి సమయాన్ని కొలమానంగా అసలు పెట్టకూడదు. రెండు నొక్కుల్లో డబ్బు వెళ్లిపోయే సైటు కంటే, పంపేముందు పేరు, ఖాతా నంబరు, మొత్తం ఒకే తెరమీద పెద్ద అక్షరాల్లో చూపించి ఆగే సైటే మేలు. డబ్బు వ్యవహారాల్లో వెనక్కి తీసుకునే వీలో, తప్పుల తనిఖీయో, ఖరారు చేసే ముందు సరిచూసి దిద్దుకునే అవకాశమో ఉండాలని డబ్ల్యూసీఏజీ చెబుతుంది.

పరీక్ష ఇలా చేయండి. కొత్త వ్యక్తిని చేర్చేటప్పుడు ఖాతా నంబరులో కావాలని ఒక అంకె మార్చండి, సమర్పించాక వచ్చే ధ్రువీకరణ పేజీ దాటి మాత్రం వెళ్లకండి. ఐబాన్ (అంతర్జాతీయ ఖాతా నంబరు) వాడే దేశాల్లో నంబరు మొదట్లో ఉండే దేశం కోడ్ తర్వాత రెండు తనిఖీ అంకెలుంటాయి. నంబరును తిప్పి అమర్చి 97తో భాగిస్తే శేషం 1 రావాలి. ఒక్క అంకె తప్పినా ఈ లెక్క పట్టేస్తుంది కాబట్టి, పెట్టె దాటగానే సైటు తప్పని చెప్పగలదు. ఫారం మొత్తం సమర్పించాక పైన ఎర్రగా "వివరాలు సరిగా లేవు" అని మాత్రమే అని, ఏ పెట్టెలో తప్పుందో చెప్పకపోతే అది పెద్ద లోపం.

ఇంకోటి, ఖాళీలతో ఉన్న నంబరును పేస్ట్ చేసి చూడండి. జర్మనీ ఐబాన్‌లో 22 అక్షరాలుంటాయి. నాలుగేసి చొప్పున విడదీసి రాస్తే ఖాళీలతో కలిపి 27 అవుతాయి. పెట్టె పరిమితి 22 అయితే చివరి నాలుగు అక్షరాలు చడీచప్పుడు లేకుండా రాలిపోతాయి. మంచి సైటు ఖాళీలను తానే తీసేస్తుంది.

లావాదేవీల జాబితాలో "పెండింగ్", "విఫలం" అయినవి కూడా కనిపిస్తున్నాయో చూడండి. నెట్ తెగి పేజీ తిరుగుతూ ఉండిపోయినప్పుడు మీకు దారి చూపేది ఆ జాబితానే. అప్పుడు రిఫ్రెష్ కొట్టకుండా, కొత్తగా లాగిన్ అయి ముందు జాబితా చూడాలి. జాగ్రత్తగా కట్టిన సైటు ఒక్కో ఫారానికి ఒక ప్రత్యేక సంఖ్య ఇస్తుంది కాబట్టి అదే ఫారం రెండోసారి వెళ్లినా డబ్బు ఒక్కసారే వెళ్తుంది. కానీ బయటినుంచి చూసి ఆ ఏర్పాటు ఉందో లేదో మీరు చెప్పలేరు.

కామాచుక్క

స్టేట్‌మెంట్ గురించి. పీడీఎఫ్ అందరూ ఇస్తారు, మీకు కావాల్సింది సీఎస్‌వీ, అంటే స్ప్రెడ్‌షీట్‌లో వేసుకోగలిగేలా వివరాలను కామాలతో విడదీసిన ఫైలు. ఒకేసారి ఎన్ని నెలలు దించుకోవచ్చు, మొత్తం ఎన్నేళ్లు వెనక్కి వెళ్లొచ్చు అన్నవి ముందు చూడండి. మూడేసి నెలల ముక్కలుగానే ఇచ్చే సైటుతో ఏడాది చివర లెక్కలప్పుడు ప్రాణం విసుగెత్తుతుంది.

ఫైలును రెండుసార్లు నొక్కి ఎక్సెల్‌లో తెరవకండి. ఎక్సెల్ ఒక సంఖ్యలో 15 అంకెలే నిలుపుకుంటుంది. 16 అంకెల రిఫరెన్స్ నంబరుంటే చివరి అంకె సున్నా అయిపోతుంది, ముందున్న సున్నాలూ ఎగిరిపోతాయి. 03/04 అన్న తేదీ మీ కంప్యూటర్ సెట్టింగును బట్టి మార్చి అవ్వొచ్చు, ఏప్రిల్ అవ్వొచ్చు. డేటా మెనూలోంచి ఫైలును దిగుమతి చేసి, నంబర్లున్న నిలువు వరుసను టెక్స్ట్ అని ఎంచుకోండి. పేర్లు పిచ్చి గీతల్లా వస్తే అక్కడే ఎన్‌కోడింగ్‌ను యూటీఎఫ్-8కు మార్చండి.

మూడు ఫైళ్లకూ ఒకే తనిఖీ చేయండి. ప్రారంభ నిల్వకు జమలు కలిపి, ఖర్చులు తీసేస్తే ముగింపు నిల్వ రావాలి. రాకపోతే వివరణలో ఉన్న కామా వల్లో, మధ్యలో విరిగిన లైను వల్లో వివరాలు పక్క నిలువు వరుసల్లోకి జరిగిపోయాయన్నమాట. తేదీ ఏడాది ముందు వచ్చేలా 2024-03-04 అని రాసే బ్యాంకైతే సగం తలనొప్పి తప్పినట్టే.

పెద్దఅక్షరం

చూపు తగ్గినవాళ్ల కోసం: కంట్రోల్, ప్లస్ కలిపి నొక్కుతూ 200 శాతానికి పెంచండి. అక్షరాలు ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు, ఏ బటనూ మాయమవకూడదు. 400 శాతంలో మామూలు రాత చదవడానికి పక్కకు జరపాల్సిన అవసరం రాకూడదు. మెనూ తెరను కమ్మేసి "ముందుకు" బటన్ కిందకు దిగిపోయే సైట్లు ఇక్కడే దొరికిపోతాయి. బూడిదరంగు సన్నని అక్షరాలు అందంగా ఉన్నా, నేపథ్యంతో కనీసం 4.5కి 1 నిష్పత్తిలో తేడా లేకపోతే చదవలేరు. బ్రౌజర్‌లోని డెవలపర్ పరికరాలు ఆ నిష్పత్తి చూపిస్తాయి. జమ, ఖర్చులను రంగుతోనే చూపిస్తే సరిపోదు, ప్లస్ మైనస్ గుర్తులూ ఉండాలి. మౌస్ వదిలేసి ట్యాబ్ కీతో ట్రాన్స్‌ఫర్ ఫారం చివరిదాకా వెళ్లగలిగితే, చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తోనూ వెళ్లగలిగే అవకాశం బాగా ఉంటుంది.

మూడుఖాతాలు

అందరికీ ధన్యవాదాలు. పేస్ట్ పరీక్షలోనూ, 200 శాతం పరీక్షలోనూ అందమైన సైటు పోయింది. పాతదానిలో సీఎస్‌వీ లేదు. మిగిలింది ఓటీపీల సైటు. అన్ని ఓటీపీలు మంచిదా, చెడ్డదా?

తాళంచెవి

ఎక్కడెక్కడ అడుగుతోందో విడదీసి చూడండి. కొత్త వ్యక్తిని చేర్చడానికి, డబ్బు పంపడానికి, పరిమితి పెంచడానికి అడిగితే అడగనివ్వండి. బ్యాలెన్స్ చూడటానికీ, స్టేట్‌మెంట్ దించడానికీ ప్రతిసారీ అడిగితే మాత్రం హాని ఉంది. సందేశం చదవకుండా అంకెలు కొట్టడం చేతికి అలవాటైపోతుంది, మోసగాళ్లకు కావాల్సింది అదే. కాబట్టి వచ్చే సందేశంలో ఎంత మొత్తం, ఎవరికి అన్న వివరాలుంటున్నాయో గమనించండి. వట్టి అంకెలే వస్తుంటే ఆ బ్యాంకును పెట్టుకోవద్దనే అంటాను. వివరాలుంటే, సెక్యూరిటీ సెట్టింగుల్లో "నమ్మకమైన పరికరం" లాంటి ఎంపిక ఉందేమో వెతకండి, చూసే పనులకు ఓటీపీ తగ్గుతుంది. అందరూ వాడే కంప్యూటర్లో మాత్రం దాన్ని ఆన్ చేయకండి. మిగతా రెండు ఖాతాలు మూసే ముందు వాటి పాత స్టేట్‌మెంట్లన్నీ దించుకోండి, ఖాతా మూశాక లాగిన్ పనిచేయకపోవచ్చు.