‘రికవరీ’కి తెలుగులో ఒక్క మాట చాలుతుందా?

ప్రశ్న (విశాఖపట్నం సభ్యురాలు):
అందరికీ నమస్కారం. ఇంట్లో కంప్యూటర్ వాడే పెద్దవాళ్ళ కోసం తెలుగులో ఒక చిన్న కరపత్రం రాస్తున్నాను. పొరపాటున విండోస్ ఫైళ్ళు డిలీట్ చేస్తే ఏం చేయాలన్నది అందులో ఒక భాగం. ‘తొలగించబడిన వ్యవస్థా దస్త్రాల పునరుద్ధరణ’ అని శీర్షిక పెట్టాను. మా అమ్మకు చదివి వినిపిస్తే ఒక్క ముక్క అర్థం కాలేదంది. ‘సీ డ్రైవ్ నిండిపోయిందని ఏవో తీసేశాను, విండోస్ ఎగిరిపోయింది’ అంటాం కదా మనం. ఆ భాషలోనే రాయాలని ఉంది. డిలీట్‌కి, రికవరీకి మీరైతే ఏ మాటలు వాడతారు?

హైదరాబాద్ సభ్యుడు:
‘తొలగించు’, ‘పునరుద్ధరణ’ ఫోన్లలో ఇప్పటికే అలవాటైపోయాయి. వాటినే ఉంచండి. కొత్తవి పుట్టిస్తే జనం ఇంకా తికమకపడతారు.

వరంగల్ సభ్యుడు (కంప్యూటర్ రిపేర్ షాపు):
పునరుద్ధరణ మంచి మాటే అన్నా. కానీ అది రెండు వేర్వేరు పనులకు ఒకే పేరు పెడుతోంది. చిక్కంతా అక్కడే. మా షాపుకి వచ్చేవాళ్ళు ‘రికవరీ’లోనూ అదే కలిపేస్తారు. ఒకరికి పెళ్ళి ఫొటోలు పోయి ఉంటాయి. ఇంకొకరికి విండోస్ నడవడానికి కావలసిన ఫైళ్ళుండే సిస్టమ్32 ఫోల్డర్‌లో ఫైళ్ళు పోయి కంప్యూటర్ ఆన్ కాదు. ఇద్దరూ అడిగేది రికవరీయే.

ఫొటో లోకంలో ఒక్కటే ఉంది. ఆ డిస్కులోనే వెతికి, దొరికినంత బయటికి తీయాలి. విండోస్ ఫైల్ అలా కాదు. అదే వెర్షన్, అవే అప్‌డేట్లు ఉన్న ప్రతి కంప్యూటర్‌లోనూ అదే ఫైల్ ఉంటుంది. పోయినదాన్ని వెతకక్కర్లేదు, మంచి కాపీ ఒకటి తెచ్చి ఆ స్థానంలో పెడితే చాలు. తాతగారి డైరీ పోవడం వేరు, పిల్లాడి లెక్కల పుస్తకం పోవడం వేరు. అందుకే మొదటి పనిని నేను ‘వెలికితీత’ అంటాను, రెండోదాన్ని ‘భర్తీ’ అంటాను.

ఇది మాటల పట్టింపు అనుకోకండి. సిస్టమ్ ఫైల్ పోయినవాళ్ళు ‘ఫైల్ రికవరీ’ అని నెట్‌లో వెతుకుతారు, ఏదో సాఫ్ట్‌వేర్ దించుకుని అదే డిస్కులో ఎక్కిస్తారు. పోయిన విండోస్ ఫైల్‌కి దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. అదే సమయంలో ఫొటోలు కూడా పోయి ఉంటే, కొత్త సాఫ్ట్‌వేర్ వాటి చోటులోనే కూర్చుని వాటిని పూర్తిగా చెరిపేయవచ్చు. ఇంకొందరు ఊరూపేరూ లేని వెబ్‌సైట్ల నుంచి డీఎల్ఎల్ (ప్రోగ్రాములు పంచుకుని వాడుకునే) ఫైల్ తెచ్చి పెడతారు. దాంతో వైరస్‌ను చేతులారా ఇంట్లోకి తెచ్చుకున్నట్టే.

తెనాలి సభ్యుడు (తెలుగు మాస్టారు):
చాలా మంచి విభజన. దీనికి ఇంకొకటి కలపాలనిపించింది. మనవాళ్ళు ‘డిలీట్ అయిపోయింది’ అంటారు, ‘డిలీట్ చేసేశాను’ అనీ అంటారు. ‘పోవు’ చేరితే పని దానంతట అది జరిగినట్టు, ‘వేయు’ చేరితే ఎవరో పూర్తిగా చేసినట్టు ధ్వనిస్తుంది. చెరిగిపోయింది, చెరిపేశాడు. విరిగిపోయింది, విరిచేశాడు. ఈ తేడా పల్లెలో చదువురాని ముసలమ్మ నోట కూడా తప్పదు. ఇంగ్లీషు క్రియను తెచ్చుకున్నా దానికి మన ‘పోవు’, ‘వేయు’ తగిలించి తెలుగు చేసేసుకున్నాం. కరపత్రంలో ‘తొలగించబడిన’ అని రాస్తే ఇదంతా పోతుంది. ‘డిలీట్ అయిపోయిన’ అని రాయండి. అందులో తప్పేమీ లేదు.

‘ఎగిరిపోయింది’ కూడా ఉంచాలి. మొత్తం పోయిందని ఒక్క మాటలో చెప్తుంది. ‘గల్లంతైంది’ అంటే మాత్రం కనిపించడం లేదని అర్థం, ఎక్కడో ఉండవచ్చు. ఓటర్ల జాబితాలో పేర్లు గల్లంతయ్యాయని పేపర్లు రాసేది అందుకే.

వరంగల్ సభ్యుడు:
మాస్టారూ, ఆ ‘పోవు’, ‘వేయు’ తేడా నాకు రోజూ పనికొస్తుంది. ‘అయిపోయింది’ అని వచ్చినవాళ్ళను ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. యాంటీవైరస్ తీసేసిందా, అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిందా, డిస్కే పాడవుతోందా అని. ‘చేసేశాను’ అన్నవాళ్ళ దగ్గర ఏ ఫోల్డర్లో, ఎప్పుడు అని అడిగితే సరిపోతుంది.

గల్లంతు అనే మాట కంప్యూటర్‌కి బాగా కుదిరింది. మామూలుగా డిలీట్ చేస్తే ఫైల్ రీసైకిల్ బిన్‌లోకి వెళ్తుంది, అక్కడ రీస్టోర్ నొక్కితే వెనక్కి వస్తుంది. షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొడితే బిన్‌కి పోదు, కానీ పాత హార్డ్ డిస్కులో అప్పుడు కూడా ఫైల్ వెంటనే చెరగదు. ఆ చోటు ఖాళీ అని విండోస్ తన పట్టికలో రాసుకుంటుంది, అంతే. ఇంకో ఫైల్ వచ్చి అక్కడ కూర్చునేదాకా లోపలి డేటా అలాగే ఉంటుంది. అదీ గల్లంతు. ఎస్ఎస్‌డీలో, అంటే తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్కులో, కథ వేరు. విండోస్ 7 నుంచి, అంటే 2009 నుంచి, ‘ఈ చోటు ఇక అక్కర్లేదు’ అని డిస్కుకే చెప్పే ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. అది జరిగాక వెలికితీతకు దాదాపు ఆశ ఉండదు. దాన్ని ‘తుడిచిపెట్టుకుపోయింది’ అనాలి.

డాలస్ సభ్యురాలు:
‘చేసేశాను’ అనగానే 2002 నాటి టెడ్డీబేర్ మెయిల్ గుర్తొచ్చింది. జేడీబీజీఎంజీఆర్ అనే ఫైల్ మీ కంప్యూటర్‌లో ఉంటే అది వైరస్, వెంటనే డిలీట్ చేసి తెలిసినవాళ్ళందరికీ చెప్పండి అని ప్రపంచమంతా తిరిగింది. వెతికితే నిజంగానే ఎలుగుబంటి బొమ్మతో ఆ ఫైల్ కనిపించేది, దాంతో జనం నమ్మేశారు. అది విండోస్‌తో వచ్చిన మామూలు ఫైలే. జావా ప్రోగ్రాములు రాసే కొద్దిమందికి తప్ప దానితో పని లేదు కాబట్టి పెద్ద నష్టం జరగలేదు. దానికి ముందు 2001లో ఎస్‌యూఎల్ఎఫ్ఎన్‌బీకే అనే ఫైల్ మీద కూడా ఇలాంటి మెయిలే వచ్చింది. ఇప్పుడూ ‘సిస్టమ్32 తీసేస్తే స్పీడ్ పెరుగుతుంది’ అని పిల్లలను ఆటపట్టించేవాళ్ళున్నారు. కరపత్రంలో దీని గురించి తప్పక ఒక ముక్క రాయండి.

ప్రశ్న పెట్టినవారు:
అందరికీ ధన్యవాదాలు. వరంగల్ అన్నా, ‘భర్తీ’ ఖాయం చేసుకుంటున్నాను. మరి ఆ భర్తీ ఇంట్లో కూర్చుని ఎలా చేయాలో పెద్దవాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలరా? కమాండ్లు తెలుగు లిపిలో రాస్తే పనిచేస్తాయా?

వరంగల్ సభ్యుడు:
కమాండ్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి అక్కా. నేను ఫోన్లో చెప్పేటప్పుడు ‘ఎస్, ఎఫ్, సీ, ఒక స్పేస్, స్లాష్, స్కాన్‌నౌ’ అని పలికిస్తాను. స్కాన్‌నౌ కలిపి రాయాలి. స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అది కొట్టాలి. విండోస్ తన ఫైళ్ళను ఒక్కొక్కటే చూసుకుని, లేనివాటిని, పాడైనవాటిని మంచి కాపీలతో భర్తీ చేస్తుంది. ఆ కాపీలుండేది విండోస్ ఫోల్డర్‌లోని విన్‌ఎస్ఎక్స్ఎస్ అనే చోట. సీ డ్రైవ్ నిండిందని దాన్ని చేత్తో ఖాళీ చేయకూడదని చెప్పేది ఇందుకే, మన భర్తీ సామాను అందులోనే ఉంది. చోటు కావాలంటే డిస్క్ క్లీనప్ వాడమని రాయండి.

ఆ నిల్వే దెబ్బతింటే స్కాన్‌నౌ కొన్నింటిని బాగుచేయలేకపోయానని చెప్తుంది. అప్పుడు డీఐఎస్ఎం అనే ఇంకో కమాండ్‌తో, ఆన్‌లైన్, క్లీనప్ ఇమేజ్, రీస్టోర్ హెల్త్ అనే మాటలు జోడించి, ముందు నిల్వను బాగుచేయాలి. అది విండోస్ అప్‌డేట్ నుంచి మంచి ఫైళ్ళు తెచ్చుకుంటుంది, కాబట్టి నెట్ ఉండాలి. తర్వాత మళ్ళీ స్కాన్‌నౌ. మధ్యలో కదలకుండా ఆగినట్టు కనిపిస్తుంది, టెన్షన్ పడి ఆఫ్ చేయొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి.

అసలు ఆన్ కాకపోతే? విండోస్ వరుసగా రెండుసార్లు లేవలేకపోతే రిపేర్ తెర మామూలుగా దానంతట అదే వస్తుంది. అందులో స్టార్టప్ రిపేర్, సిస్టమ్ రీస్టోర్ ఉంటాయి. రీస్టోర్ పాయింట్ (విండోస్ ఒక రోజున దాచుకున్న తన స్థితి) ముందే ఉంటే విండోస్‌ను ఆ రోజుకు తీసుకెళ్తుంది, మీ ఫొటోలు, డాక్యుమెంట్లు కదలవు. ఆ రోజు తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. చాలా కంప్యూటర్లలో ఈ సదుపాయం ఆపేసి ఉంటుంది, ఇవాళే ఆన్ చేసుకోమనండి. ఏదీ కుదరకపోతే రీసెట్, అంటే విండోస్‌ను మళ్ళీ కొత్తగా వేసుకోవడం. అందులో ‘నా ఫైళ్ళు ఉంచు’ అనేదే ఎంచుకోవాలి. సొంత ఫైళ్ళు ఉంటాయి, విడిగా వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి.

ఫొటోలు కూడా పోయి ఉంటే ఇవేవీ మొదలుపెట్టకండి. కంప్యూటర్ ఆపేసి, ముందు వెలికితీత. భర్తీ తర్వాత. ఈ క్రమం తిరగబడితే భర్తీ కోసం రాసిన ఫైళ్ళే ఫొటోల మీద పడతాయి.

తెనాలి సభ్యుడు:
‘ముందు వెలికితీత, తర్వాత భర్తీ’ అన్నదే ఉపశీర్షికగా పెట్టండమ్మా.

ప్రశ్న పెట్టినవారు:
అలాగే మాస్టారూ. మొదలు ఇలా మార్చాను: ‘విండోస్ ఫైళ్ళు డిలీట్ అయిపోయాయా? కంగారు పడకండి. వాటిని వెతకక్కర్లేదు, మంచి కాపీలతో భర్తీ చేయవచ్చు. మీ సొంత ఫొటోలు, కాగితాలు కూడా పోయాయా? అయితే వెంటనే కంప్యూటర్ ఆపేయండి. ముందు వాటిని వెలికి తీయాలి.’

వరంగల్ సభ్యుడు:
ఇది మా షాపు గోడకు అతికించుకుంటాను అక్కా. ఒక్కటి కలపండి. రిపేర్ తెరలో చాలా లాప్‌టాప్‌లు బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) కీ అడుగుతాయి, అది 48 అంకెలు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో వాడుతుంటే చాలాసార్లు ఆ ఖాతాలోనే ఉంటుంది. కంప్యూటర్ బాగున్నప్పుడే కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోమనండి.