13 ఏళ్ల తర్వాత వచ్చిన టూల్ ఆల్బమ్‌లో కొత్తదనం ఎక్కడ వినాలి?

అమెరికన్ రాక్ బృందం టూల్ 2006లో ‘10,000 డేస్’ విడుదల చేశాక, మళ్లీ 2019 ఆగస్టు 30న గానీ ‘ఫియర్ ఇనాక్యులమ్’ తేలేదు. 13 ఏళ్లు! అయినా అమెరికాలో ఆల్బమ్‌ల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ 200 జాబితాలో నేరుగా మొదటి స్థానానికి చేరింది. కాబట్టి ఆదరణ గురించి నాకు సందేహం లేదు. సందేహమల్లా సంగీతం గురించే.

మూడు వారాలుగా రోజూ రాత్రి వింటున్నాను. మొదట ఫోనులో, తర్వాత సీడీ పెట్టి మంచి హెడ్‌ఫోన్‌తో. వరసగా విన్నాను, సాహిత్యం ఎదురుగా పెట్టుకుని విన్నాను, 2001 నాటి వాళ్ల ఆల్బమ్ ‘లాటరలస్’ ముగిసిన వెంటనే కూడా విన్నాను. ‘న్యూమా’ పాటలో తబలాను తలపించే ఆ దరువు మొదలవగానే ఒళ్లు పులకరిస్తుంది. ఏడెనిమిది నిమిషాలు దాటేసరికి మాత్రం ఈ గిటారు వరుస ఇదివరకే విన్నానే అనిపించి, మనసు పాత పాటల మీదికి పోతుంది. సీడీలోని ఏడింటిలో ఆరు పది నిమిషాలు దాటినవే. ఇంత ఇష్టమైన బృందం పాత పేరు మీదే నడుస్తోందని ఒప్పుకోవడానికి నాకు మనసు రావడం లేదు.

టూల్ అంతకుముందు ఎన్నడూ చేయనిది ఈ ఆల్బమ్‌లో ఏ పాటలో, ఎన్నో నిమిషం దగ్గర వినిపిస్తుంది?