నిఖిలేశ్వర్ మన జిల్లా కవేనా? దిగంబర ప్రయోగం వల్ల మనకు ఒరిగిందేమిటి?

మూసీ ఒడ్డు:
నల్గొండలో వచ్చే నెల మొదలయ్యే పఠన గోష్ఠికి కవుల జాబితా రాస్తున్నాను. మొదటి పేరు నిఖిలేశ్వర్. 1938లో నల్గొండ జిల్లా వీరవెల్లిలో పుట్టిన కుంభం యాదవరెడ్డి, ఆ పేరు వదిలేసి నిఖిలేశ్వర్ అయ్యారు. 1965లో మరో అయిదుగురితో కలిసి, కుళ్లిన సమాజాన్ని ముసుగు లేకుండా తిట్టే దిగంబర కవిగా ముందుకొచ్చారు. ‘అగ్నిశ్వాస’ కవితా సంపుటికి 2020 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆనాటి ప్రయోగ కవిత్వం ఇప్పటి పిల్లలకు ఎందుకని ఇద్దరు మిత్రులు అడ్డు చెప్పారు. చదివి తీరాలన్నది నా మాట. మీరేమంటారు?

భువనగిరి కోట:
వీరవెల్లి 2016 అక్టోబరు నుంచి యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. జాబితాలో సరిచేయండి.

కోయిల్‌సాగర్:
చదవవద్దని అనను, మొదటి పేరుగా పెట్టవద్దంటాను. దిగంబరులు సంవత్సరానికి, ఋతువులకు, వారాలకు కొత్త పేర్లు పెట్టుకున్నారు. కవితను ‘దిక్’ అన్నారు. మూడు సంపుటాలు వచ్చాయి. 1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) ఏర్పడగానే వారిలో నలుగురు అటు వెళ్లారు, ఆ దారి అక్కడితో ముగిసింది. అందులో ఒక్క పాదమైనా కలుపు తీసే చోట ఎవరి నోటనైనా విన్నారా? మా పాలమూరులో, గౌరారంలో పుట్టిన గోరటి వెంకన్న పాట చదువు రాని మా పెద్దమ్మకు కూడా వచ్చు. మరుసటి ఏడాదే, 2021కి, ‘వల్లంకి తాళం’ మీద ఆయనకూ అదే పురస్కారం వచ్చింది.

మూసీ ఒడ్డు:
అన్నా, నోటికి రావడమే కొలత అయితే వచన కవితనంతా కొట్టిపారేయాలి. 1965 మే 6 అర్ధరాత్రి హైదరాబాదులో తొలి సంపుటిని నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఆవిష్కరించాడు. రెండోది విజయవాడలో ఒక హోటలు కార్మికుడు. శాలువాలు, ముఖ్య అతిథులు లేకుండా పుస్తకాన్ని ఎవరి చేతికి ముందు ఇస్తామన్నది కూడా కవిత్వంలో భాగమని వాళ్లు చూపించారు. 1971లో వారిలో ముగ్గురు, నిఖిలేశ్వర్‌తో సహా, ముందస్తు నిర్బంధ చట్టం కింద జైలుకు వెళ్లారు. సరదాకి ప్రయోగాలు చేసేవాళ్లకు ఆ గతి పట్టదు.

కోయిల్‌సాగర్:
పాండు ఆవిష్కరించాడు, సరే. ఆ కవితలు ఆయనకు చేరాయా అన్నది ఎవరికి పట్టింది? నా సంగతి చెబుతాను. ఒక కవి సమ్మేళనానికి పిలిస్తే వెళ్లాను. పల్లవి దాటకముందే నిర్వాహకుడు లేచి, ఇది కవుల సభ, పాటలకు చివర్లో సమయం ఉంటే చూద్దామన్నాడు. నా తర్వాతి ఆయన అర్థం కాని వచనం అరగంట చదివాడు. చివరికి మైకు కట్టేశారు.

భువనగిరి కోట:
ఇంకా సరిచేయలేదు. జిల్లా పేరు తప్పు అచ్చయితే మా ఊళ్లవాళ్లు ఒప్పుకోరు.

డిండి వాగు:
1938లో అది నల్గొండే కదా సార్, వదిలేయండి.

దేవరకొండ పాఠకురాలు:
దిగంబర కవులు ఆరుగురూ మగవాళ్లే. కుళ్లిన సమాజాన్ని తిట్టాల్సి వచ్చిన ప్రతిసారీ వాళ్లకు ఆడదాని ఒళ్లే ఉపమానంగా దొరికింది. నేను తొమ్మిదో తరగతికి పాఠం చెబుతాను. ఆ పంక్తులు ఆడపిల్లల ముందు నిలబడి చదవమంటే చదవను. కోపం నిజమైనదే. ఆ కోపం ఎవరి ఒంటి మీద నుంచి నడిచి వెళ్లిందో కూడా గోష్ఠిలో మాట్లాడతామంటేనే వస్తాను.

మూసీ ఒడ్డు:
అమ్మా, అది మాట్లాడాల్సిందే, మాట్లాడదాం. కానీ కోయిల్‌సాగర్ అన్నా, మీ మాట నాకు మంట పుట్టిస్తోంది. మన పల్లె పిల్లవాడు వచన కవిత రాసుకొస్తే ‘ఇందులో మట్టి వాసన లేదు, పాట కట్టుకో’ అంటారు. నాకూ అన్నారు. ఊరి నుంచి వచ్చినవాడు డప్పు పట్టుకునే రావాలా? కొత్త రూపంలో ఆలోచించే హక్కు పట్నం వాడికేనా? వీరవెల్లి నుంచి వెళ్లిన మనిషి భాషనే తలకిందులు చేశాడని మా పిల్లలకు తెలియాలి. అందుకే ఆ పేరు మొదట పెట్టాను.

కోయిల్‌సాగర్:
ఇప్పటికి అసలు మాట బయటికి వచ్చింది. నా కోపం ప్రయోగం మీద కాదు తమ్ముడూ, దేన్ని ప్రయోగమనాలో తేల్చే పెత్తనం మీద. తత్వాల బాణీని, భజన నడకను తీసుకుని వెంకన్న ఇవాళ్టి పల్లె బతుకును అందులో నింపితే దాన్ని జానపదమని పక్కన పెడతారు. పంక్తి విరగ్గొడితే ప్రయోగమంటారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మా సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. ఇప్పుడు పాట కట్టేవాడు కవి కాడని మనకు మనమే చెప్పుకుంటున్నాం. మీ గోష్ఠిలో వెంకన్నను ‘ప్రయోగం’ అనే శీర్షిక కింద పెడతారా? అది చెప్పండి.

మూసీ ఒడ్డు:
పెడతాను. మొదటి పేరు మాత్రం మార్చను.

కోయిల్‌సాగర్:
అయితే మొదటి రోజు నేను రాను. పాట ఉన్న రోజు వస్తాను.

దేవరకొండ పాఠకురాలు:
ఇంతసేపూ ఒక్క కవయిత్రి పేరు ఎత్తలేదు మీరిద్దరూ. జాబితా మొత్తం ఇక్కడ పెట్టండి, చూస్తాను.