‘క్వైట్ గుడ్’ అంటే మెచ్చుకున్నట్టా, కాదా?

ప్రశ్న: రిపోర్టు మీద బ్రిటన్ మేనేజరు ‘క్వైట్ గుడ్’ అని రాసినా, అమెరికా మేనేజరు రాసినా అర్థం ఒకటేనా?

జవాబు: కాదండీ. గుడ్, బిగ్, ఇంట్రెస్టింగ్ లాంటి ఎక్కువతక్కువలుండే విశేషణాల ముందు బ్రిటన్‌లో క్వైట్ వస్తే సాధారణంగా ‘బాగానే ఉంది’ అన్నంతవరకే. అమెరికాలో అది ‘చాలా బాగుంది’కి దగ్గర. ఇంపాజిబుల్, రాంగ్, డెడ్ లాంటివాటికి మాత్రం మెట్లుండవు కదా, వాటి ముందు రెండుచోట్లా ‘పూర్తిగా’ అనే. ‘యూ ఆర్ క్వైట్ రైట్’ అంటే నూటికి నూరుపాళ్లూ మీ మాటే నిజం.

జవాబు: పై దానికి చిన్న చేర్పు. మాటల్లో అయితే ఒత్తు ఎక్కడ పడిందో వినాలి. బ్రిటిషువాళ్లు ‘క్వైట్’ని ఒత్తి పలికితే వెనకాలే ‘బట్’ వస్తుందని సిద్ధంగా ఉండండి. ‘గుడ్’ని ఒత్తితే మెప్పే. రాతలో ఆ వీలు లేదు. మెయిల్లో ఎవరినైనా మెచ్చుకోవాలంటే ‘వెరీ గుడ్’ అని రాసెయ్యడం క్షేమం.

జవాబు: ‘క్వైట్ ఎ ఫ్యూ పీపుల్’తోనూ జాగ్రత్త. ఫ్యూని చూసి కొద్దిమంది అనుకుంటారు, కానీ చాలామంది అని. ‘నాట్ క్వైట్ రెడీ’ అంటే ఇంకాస్త పని మిగిలిందని. వరస కూడా చూసుకోండి: ‘క్వైట్ ఎ గుడ్ బుక్’ సహజంగా ఉంటుంది. ఇక స్పెల్లింగులో చివరి టీ, ఈ తారుమారైతే అది ‘క్వైయట్’, అంటే నిశ్శబ్దం అయిపోతుంది. అదీ సరైన మాటే కాబట్టి స్పెల్‌చెకర్ చాలాసార్లు పట్టుకోదు.