పాపకు అలమేలు అని పేరు పెడితే ఇక్కడ ఇబ్బంది అవుతుందా?

లెస్టర్, కొత్తగా వచ్చినవాళ్ళం:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. లెస్టర్‌కి వచ్చి ఏడు నెలలు, నవంబరులో డెలివరీ. ఇక్కడ స్కాన్‌లో అడిగితే చెప్పేస్తారు కదా, పాప అని తెలిసింది. ఆ రోజు నుంచి ఇంట్లో పేరు గొడవే. మా అత్తగారు చిత్తూరు నుంచి రోజూ ఫోన్ చేసి "అలమేలు అని పెట్టండమ్మా, తిరుచానూరు అమ్మవారికి మొక్కుకున్నా" అంటారు. మా ఆయనకేమో అది జేజమ్మల కాలం పేరు. నాకు వినడానికి బాగానే ఉంది గానీ అర్థం తెలియకుండా పెట్టాలని లేదు. అసలు ఇది తెలుగు పేరా, తమిళ పేరా? ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా? ఇక్కడి వాళ్ళ నోరు తిరుగుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

రీడింగ్, పదిహేడేళ్ళుగా:
చెల్లెమ్మా, పేరు ఏదైనా పెట్టుకో, అసలు టెన్షన్ రిజిస్ట్రేషన్‌తో. పుట్టిన 42 రోజుల్లోపు రిజిస్టర్ చేయించాలి. పెళ్ళయిన వాళ్ళయితే ఇద్దరిలో ఒకరు వెళ్తే చాలు. అలా ఒక్కణ్ణే వెళ్ళి నేను చేసిన ఘనకార్యం విను.

మాకు పాప పుట్టి నాలుగు వారాలు. మూడు రాత్రులుగా నిద్ర లేదు. మా ఊరి ఆఫీసులో కూర్చున్నావిడ పాప పేరేంటని అడిగితే, మన బళ్ళో హాజరు పలికినట్టు ముందు ఇంటిపేరు, తర్వాత అలమేలు మంగ అని చెప్పాను. ఆవిడ దేన్ని దేనిగా అనుకుందో గానీ టకటకా కొట్టి, స్క్రీను నా వైపు తిప్పి చూసుకోమంది. చూశాను. అంటే కళ్ళు అటు పెట్టాను. సంతకం చేసి సర్టిఫికెట్టు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక మా ఆవిడ చదివింది: పేరు అలమేలు, సర్‌నేమ్ మంగ. మా ఇంటిపేరు ఎక్కడా లేదు!

మర్నాడే పరిగెత్తాను. "మీరు చెప్పిందే రాశాం, సంతకం మీదే" అన్నారు. ముందు పేరు నచ్చకపోతే రిజిస్టర్ చేసిన 12 నెలల్లోపు మార్చుకోవచ్చు, దానికో ఫారం ఉంది. ఆ దారి సర్‌నేమ్‌కి లేదు. పొరపాటు జరిగిందని దిద్దించాలంటే ఆ రోజుకే అది తప్పని మనం కాగితాలతో రుజువు చేయాలి. దిద్దినా పాత రాత అలాగే ఉంటుంది, పక్కన మార్జిన్‌లో ఎక్కిస్తారంతే. రెండు నెలలు ఉత్తరాలు రాసి, ఫోన్లు చేసి, చివరికి విసుగొచ్చి వదిలేశాను. నాదొక ఇంటిపేరు, మా ఆవిడది ఇంకొకటి, కూతురిది మంగ. ఎయిర్‌పోర్టులో ప్రతిసారీ మా ముగ్గురినీ వరసగా చూసి "ఈ పాప ఎవరు" అంటారు. అందుకే పుట్టిన సర్టిఫికెట్టు పాస్‌పోర్టుల కవర్లోనే పెట్టుకు తిరుగుతాం.

కాబట్టి పేరు పెద్దక్షరాల్లో కాగితం మీద రాసుకుని వెళ్ళు. నోటితో చెప్పకు.

గ్లాస్గో:
అన్నా, 42 అని అందరికీ చెప్పేస్తే ఎలా? స్కాట్లండ్‌లో 21 రోజులే.

రీడింగ్, పదిహేడేళ్ళుగా:
ఆ అమ్మాయి లెస్టర్ అని పైనే రాసింది. లెస్టర్ స్కాట్లండ్‌లో లేదు.

గ్లాస్గో:
చదివేవాళ్ళు ఇంకా ఉంటారు కదా అని చెప్పా. ఇంకోటి, ఇది అందరూ మర్చిపోతారు. ఇక్కడ పుట్టినంత మాత్రాన పాప బ్రిటిష్ కాదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా సిటిజన్ అయినా కావాలి, సెటిల్డ్ (అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కున్నవాళ్ళు) అయినా కావాలి. మీరిద్దరూ వీసా మీదుంటే పాపకి ఇండియన్ పాస్‌పోర్టే. పుట్టిన ఏడాదిలోపు మన హైకమిషన్ దగ్గర రిజిస్టర్ చేయించాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలంటారు.

మాంచెస్టర్, ఒకప్పుడు చిత్తూరులో తెలుగు టీచరు:
ఆ పిల్ల పేరుకు అర్థం అడిగితే మీరు పాస్‌పోర్టు దాకా వెళ్ళిపోయారు. అమ్మాయీ, నేను చెప్తాను.

అలమేలు సగం పేరు. పూర్తి పేరు అలర్‌మేల్ మంగై, తమిళం. అలర్ అంటే విచ్చుకున్న పువ్వు, మేల్ అంటే మీద, మంగై అంటే వయసులో ఉన్న ఆడపిల్ల. పువ్వు మీద కూర్చున్న తల్లి, లక్ష్మి. మనవాళ్ళు పిలవడానికి మంగను వదిలేశారు, అలమేలు మిగిలింది. తమిళం తెలిసినవాళ్ళకి అది "పువ్వు మీద" అని సగంలో ఆగినట్టుంటుంది. పువ్వు మీద ఎవరు? ఆ మిగతా సగం పక్కింట్లో మంగమ్మ అయి కూర్చుంది!

చాలా పాత మాటే ఇది. తమిళ భక్తకవి నమ్మాళ్వార్ తిరుమల స్వామిని "అలర్‌మేల్ మంగై ఉఱై మార్బా" అని పిలిచాడు, ఆమె ఉండే వక్షస్థలం గలవాడా అని. తర్వాత అన్నమయ్య (1408–1503) ఆమెను అలమేలుమంగ అని పాడీ పాడీ పూర్తిగా తెలుగింటి పిల్లను చేసేశాడు. తిరుచానూరును అలమేలు మంగాపురం అనేది ఆమె పేరు మీదే. సంస్కృతంలో పద్మావతి అన్నా మళ్ళీ పువ్వే. ఆకాశరాజు భూమి దున్నిస్తుంటే తామరలో దొరికిన బిడ్డ కదా.

క్రాయిడన్:
అక్కా, మా తాత వేరేలా చెప్పేవారు. అలివేలు అంటే తుమ్మెదల్లాంటి నల్లని జుట్టున్న అమ్మాయి అట. అలి అంటే తుమ్మెద.

మాంచెస్టర్, ఒకప్పుడు చిత్తూరులో తెలుగు టీచరు:
అది అలివేణి నాయనా. అలి తుమ్మెద, వేణి జడ. అలివేలులో జడ ఎక్కడుంది? అలమేలే జనం నోళ్ళలో నలిగి అలివేలు అయింది. తాతగారి మీద గౌరవం ఉంది గానీ ఈ ఒక్కటి ఒప్పుకోను.

క్రాయిడన్:
సరే, తమిళమే అనుకుందాం. మరి తెలుగు పిల్లకి తమిళ పేరెందుకు?

గ్లాస్గో:
బాబూ, తిరుపతిలో "తిరు" ఎక్కడిది? ముందు దాన్ని మార్చి రా. 1911లో చిత్తూరు జిల్లాను కట్టిందే ఉత్తర ఆర్కాటు, కడప ముక్కలు కలిపి. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రం వైపు పోయింది. మా జేజి కూరగాయలు బేరమాడేది తెలుగులో, తిట్టేది తమిళంలో. మన జిల్లాలో ఆ రెండూ వేరు చేయాలని కూర్చుంటే తెల్లారిపోతుంది.

తిరుపతి, బర్మింగ్‌హామ్ నుంచి వెనక్కి వచ్చేసినవాణ్ణి:
ఎంతమంది పెడుతున్నారో ఊళ్ళో ఉన్నవాణ్ణి నేను చెప్తా. మా అమ్మ తరంలో వీధికో అలమేలు. నా తరానికి వచ్చేసరికి అందరూ పద్మావతులు. మా క్లాసులోనే ముగ్గురు, సారు పొట్టి పద్మ, పొడుగు పద్మ, కళ్ళజోడు పద్మ అని పిలిచేవారు. అందులోనూ తిరుపతిలో పద్మావతి అంటే మనిషొక్కటే కాదు, సికింద్రాబాదు పోయే రైలు, 1983లో పెట్టిన మహిళా యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ, ఇంకా లెక్కలేనన్ని లాడ్జీలు. మొన్న మనవరాలి స్కూలు ఫంక్షన్లో బహుమతులకి పేర్లు చదువుతుంటే గంటసేపు విన్నాను, "న్విక" అని ముగిసేవే సగం. ఒక్క అలమేలు లేదు.

అయితే పోయిన శుక్రవారం తిరుచానూరు వెళ్ళాను. దర్శనం అయ్యాక గోడ పక్కన కూర్చున్నా. మూడేళ్ళుంటాయేమో, ఒక పిల్ల దొన్నెలో మొహం పెట్టి పొంగలి తింటోంది, మూతి చుట్టూ నెయ్యి మెరుస్తోంది. వాళ్ళమ్మ "అల్లూ, నడుస్తూ తినకూడదు, ఇట్రా" అంది. పేరేంటమ్మా అని అడిగితే అలమేలు మంగ అంది. బెంగళూరులో ఉద్యోగమట. పేరు ఎక్కడికీ పోలేదమ్మా, చంకలో అల్లు అయి తిరుగుతోంది.

లీడ్స్:
ఇక్కడ పలుకుతారా అన్నదానికి ఇంకా ఎవరూ జవాబివ్వలేదు. మా పాప అలివేలు. నర్సరీ మొదటి రోజున కోటు తగిలించే కొక్కెం మీద ఒలివియా అని చీటీ అంటించారు. చెప్తే నొచ్చుకుని మార్చారు, పాపం. మా స్నేహితుల అమ్మాయి అలమేలుని అమీలియా అంటారు. ఇంగ్లండ్, వేల్స్ లెక్కల్లో 2024లో ఆడపిల్లల పేర్లలో ఒలివియా మొదటిది, అమీలియా రెండోది. అంటే వీళ్ళ చెవికి బాగా అలవాటైన రెండు పేర్లకూ మన పేరు దగ్గరే. ఒలివియా లాటిన్‌లో ఆలివ్ నుంచి వచ్చింది, అమీలియాలోని అమల్ అంటే పాత జర్మన్ భాషల్లో పని. పనికన్నా పువ్వు నయం కదా.

ఆ లెక్కల్లో మన పేరు కోసం వెతక్కండి. స్పెల్లింగు మారితే వేరే పేరుగా లెక్క, ముగ్గురికన్నా తక్కువుంటే అసలు చూపించరు.

లెస్టర్, కొత్తగా వచ్చినవాళ్ళం:
అందరికీ చాలా థాంక్స్, ఇంత రాస్తారనుకోలేదు. టీచర్‌గారు రాసింది అత్తగారికి ఫోన్లో చదివి వినిపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "పువ్వు మీద అని ఆపడం దేనికి, మంగ కూడా పెట్టెయ్యండి" అన్నారు. మా ఆయన సగం ఒప్పుకున్నాడు, కానీ మంగ అని ఇంగ్లీషులో రాస్తే జపాన్ బొమ్మల పుస్తకాలు అనుకుంటారు, పిల్లలు ఏడిపిస్తారు అని కొత్త భయం పట్టుకుంది. రీడింగ్ అన్నా, మీ అమ్మాయికి స్కూల్లో అలాంటిదేమైనా జరిగిందా?

రీడింగ్, పదిహేడేళ్ళుగా:
ఏడేళ్ళప్పుడు పుస్తకాల షాపుకి తీసుకెళ్ళాను. నేను బిల్లు కడుతుంటే లోపలి నుంచి "నాన్నా, నాన్నా" అని ఒకటే అరుపు. ఏం పడేసిందో అని పరిగెత్తాను. పైనుంచి కిందిదాకా ఒక బీరువా నిండా పుస్తకాలు, దాని నెత్తిన పెద్ద పెద్ద అక్షరాల్లో బోర్డు, మంగ అని. అది దాని కింద నడుము మీద చేతులు పెట్టుకుని నిల్చుంది. ఇవన్నీ నావే అంది. నాలుగు కొనిపించింది.

స్పెల్లింగు మాత్రం కాగితం మీద రాసుకునే వెళ్ళు.